పురవర్ణనలో లేని పౌరుడు

కవి కట్టిన నగరానికి మురుగుకాలువ ఎందుకుండదు? ఈ ప్రశ్న వేస్తే నవ్వేవారే ఎక్కువ. మా కళాశాలలో చరిత్ర చెప్పే మిత్రుడొకాయన నవ్వనే నవ్వాడు. "కావ్యమంటే మునిసిపాలిటీవారి వార్షిక నివేదిక కాదయ్యా! పెద్దన దగ్గరికి పోయి కాలువలేవీ అని నిలదీస్తావా?" అన్నాడు. ఆయన మాటలో సగం నిజముంది. రెండో సగాన్ని గూర్చి నాకు కొన్ని సందేహాలున్నాయి. అవి కేవలం సాహిత్య సందేహాలే అయితే ఈ పత్రిక పాఠకుల కాలం తీసికొనేవాణ్ణి కాను. వాటిలో ఒకటి నా సొంత తప్పుకు సంబంధించింది.

నేను నూజివీడు మామిడితోటల మధ్య పుట్టినవాణ్ణి. తెలుగు సాహిత్యంలో ఎం. ఏ. పూర్తిచేసి, మళ్ళీ ఈ తోటల మధ్యకే వచ్చి పాఠాలు చెప్పుకుంటున్నాను. మనుచరిత్ర ప్రథమాశ్వాసం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వరణానదీ తీరాన అరుణాస్పదపురమని ఒక పట్టణం. ఆలంకారికులు కావ్యానికి విధించిన అష్టాదశ వర్ణనలలో నగరం మొదటిది. సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం అన్నీ దాని తర్వాతనే. కాబట్టి ప్రబంధకవి ఎవరైనా సరే, కథ ఎత్తుకోగానే ముందొక ఊరు కట్టాలి. కోట, అగడ్త, మేడలు, ఉద్యానాలు, ఏనుగులు, గుర్రాలు, ఆ తర్వాత నాలుగు వర్ణాలవారు, వారి వెంట వెలయాండ్రు, పూలమ్మే పడుచులు. ఈ వరుస దాదాపుగా మారదు. పెద్దన నాలుగు వర్ణాలనూ ఒక్క సీసపద్యంలో ఇమిడ్చాడు. అందులో నాలుగోజాతి రైతు నాగలిని నమ్ముకొని ఎంత సంపన్నుడయ్యాడంటే, బిచ్చమెత్తే శివుడికి సైతం ఆ అవసరం లేకుండా చేయగలడట. సేద్యగాణ్ణి గూర్చి ఇంత గొప్పమాట చెప్పినందుకు పెద్దనకు నమస్కరించవలసిందే.

కొన్నేళ్ళ క్రితం ఆ పద్యం చెబుతున్న రోజున వెనకబల్ల మీది కుర్రవాడొకడు లేచి, "సార్, నాలుగోజాతి దాకా వచ్చింది. ఐదోవాళ్ళు ఎక్కడున్నారు?" అని అడిగాడు. నేను అలవాటుకొద్దీ "ఊరి బయట" అన్నాను. "మరి ఊరు ఊడ్చేదెవరండీ?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి తర్వాతి పద్యానికి వెళ్ళిపోయాను. అలా వెళ్ళిపోవడం అధ్యాపకులకు బాగా తెలిసిన విద్య.

ఆ కుర్రవాడి ప్రశ్నకు పెద్దనలో జవాబు లేదు గాని, పెద్దన కాలంలో ఉంది. ఆయన అరుణాస్పదపురాన్ని ఊహించిన తరంలోనే, ఆయన కాపురమున్న విజయనగరాన్ని డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు 1520 ప్రాంతంలో చూచి వ్రాసిపెట్టాడు. రాబర్టు సూయెల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్రలో ఆ వ్రాతకు ఇంగ్లీషు అనువాదం ఉన్నది. పేస్ కూడా మేడలూ తోటలూ రత్నాల అంగళ్ళూ చూచి అబ్బురపడ్డవాడే. కాని ఆయన ఇంకొకటి కూడా చూశాడు. పట్టణానికి నీళ్ళకోసం రాయలు ఒక చెరువు కట్టిస్తున్నాడు. పదిహేను, ఇరవై వేలమంది చీమల్లాగా పనిచేస్తున్నారనీ, వాళ్ళు నడిచే నేల కంటికి కనిపించలేదనీ పేస్ వ్రాశాడు. ఆ కట్ట రెండు మూడు సార్లు తెగింది. దేవుడు రక్తం కోరుతున్నాడని చెబితే, అరవైమంది మనుషులనూ, కొన్ని గుర్రాలనూ దున్నలనూ బలి ఇప్పించారని కూడా వ్రాశాడు.

ఇవి రెండూ ఒకే ఆస్థానం నీడలోని నగరాలు. ఒకదానిలో నీళ్ళు తామరలతో, హంసలతో ఉంటాయి. రెండోదానిలో నీటికి కూలివాళ్ళున్నారు, కట్ట కింద తలలున్నాయి. మొదటిది అబద్ధమనీ రెండోది నిజమనీ చెప్పి ఊరుకుంటే విమర్శ అయిపోదు. అసలు ప్రశ్న ఇంకోటుంది. మొదటి నగరం అంత అందంగా ఉండడానికి రెండో నగరంలోని మనిషి కనబడకపోవడం అవసరమా? లేక అది కేవలం కవిగారి మరపా? మరపు అయితే ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరికి గుర్తు రావాలి. వందల ప్రబంధాలలో ఒకే చోట, ఒకే మనిషిని గూర్చి కలిగే మరపును మరపు అనలేం. అది కట్టడంలో భాగం. ఆ మనిషి కనబడితే ఆ అందం ఎవరిదో, ఎవరి ఖర్చుమీద వచ్చిందో లెక్క తేల్చవలసి వస్తుంది. వర్ణన అన్నది లెక్క తేలకుండా ఉన్నంత సేపే వర్ణన.

రాళ్ళెత్తిన కూలీలెవరని శ్రీశ్రీ అడిగిన నాటినుంచి కట్టినవాణ్ణి గూర్చి అడగడం మనం నేర్చుకున్నాం. కట్టడం ఒకనాటితో ముగుస్తుంది. ఊడ్చడం ముగియదు. రేపు తెల్లవారుజామున కూడా ఎవరో ఒకరు లేవాలి. కట్టినవాడికి చరిత్రలో, ఆలస్యంగానైనా, ఒక శిలాఫలకం దొరకవచ్చు. ఊడ్చినవాడి పని సాయంకాలానికి మాసిపోయి మర్నాడు మళ్ళీ మొదలవుతుంది. కనుక అతని గురించి అడగడం కొంచెం కష్టం.

ఇక్కడ మనలో కొందరు తొందరపడతారు. భూస్వామ్య కవిత్వం ఇంతే, దాన్ని అవతల పారేస్తే సరిపోతుందంటారు. సరిపోదు. ప్రబంధకవి ఊహకు వర్గస్వభావం ఉన్నమాట నిజమే. మరి సమసమాజాన్ని కలగన్నవారి సంగతేమిటి? థామస్ మోర్ 1516లో 'యుటోపియా' వ్రాశాడు. అక్కడ సొంత ఆస్తి లేదు, బంగారానికి విలువ లేదు. కాని పశువులను కోసే పనీ, భోజనశాలల్లో బరువుపనీ మురికిపనీ బానిసలవి. సొంత ఆస్తి రద్దయింది గాని చీపురు పట్టేవాడి చెర రద్దు కాలేదు. మూడు శతాబ్దాల తర్వాత ఫ్రాన్సులో ఫూరియే ఈ చిక్కును గుర్తించాడు. ఆయన చూపిన ఉపాయం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పిల్లలకు మురికిలో ఆడడం సహజంగా ఇష్టం కాబట్టి ఆ పని పిల్లల దండులకు అప్పగించమన్నాడు! ఎంగెల్సు వీరిని గౌరవిస్తూనే ఊహాజీవులన్నాడు. నాకు మాత్రం ఫూరియే మీద ఒక విధమైన అభిమానం ఉంది. జవాబు పిచ్చిదైనా ప్రశ్న ఉందని ఒప్పుకున్నాడు.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. అభ్యుదయ కవిత్వంలో రేపటి నగరం ఎన్నిసార్లు ఉదయించిందో! జెండాలు, పిడికిళ్ళు, చిమ్నీలు, పరుగెత్తే యంత్రాలు. అందరూ శ్రామికులే. విప్లవం మర్నాటి ఉదయం ఆ వీథుల్లో పడివున్న పూలదండల్ని ఎవరు ఎత్తిపోశారో నేను చదివిన కవితల్లో లేదు. ఆ పని అప్పుడు కూడా వెనకటి మనుషులే చేస్తారన్న ధీమా మన కవులకు ఎక్కడో లోపల ఉన్నదేమో అని నా అనుమానం.

పౌరుడంటే ఎవరు? ఓటరు జాబితాలో పేరున్నవాడని రాజ్యాంగశాస్త్రం చెప్పే పంతులు అంటాడు. నాకు తోచిన నిర్వచనం వేరు. తన ఊరిమీద ఫిర్యాదు చేయగలిగినవాడు పౌరుడు. కుళాయి రాలేదని, దీపం వెలగలేదని, జీతం ఇవ్వలేదని, తనను ఎవరో తిట్టారని గొంతెత్తి చెప్పి, చెప్పినందుకు ఊరు విడిచిపోనక్కరలేనివాడు. ఈ కొలతతో చూస్తే ఊహానగరాలలో చూచేవారుంటారు, పొగిడేవారుంటారు, పౌరులుండరు. అరుణాస్పదపురంలో ఒక్క ఫిర్యాదు లేదు. అంత గొప్ప ఊరిని విడిచి దేశాలు చూడాలని ప్రవరుడికి ఎందుకంత కోరిక కలిగిందో పెద్దన చెప్పిన కారణం కన్నా ఇది మంచి కారణమనిపిస్తుంది.

అయితే ఊహకు ఇంతకన్నా చేతకాదని మాత్రం అనను. ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరు వర్ణన ఉంది. వ్రాసినవాడు సాక్షాత్తూ చక్రవర్తి. వరిమళ్ళ కాలువల్లో బాతులు రెక్కల్లో తలలు దూర్చుకొని నిద్రపోతూ ఉంటాయి. తెల్లవారుజామున స్నానాలు చేసి వెళ్ళిన బ్రాహ్మలు పిండి మరచిపోయిన ధోవతులు కాబోలుననుకొని, వాటిని అప్పగిద్దామని తలారులు కాలువలో దిగుతారు. బాతులు లేచి పారిపోతాయి. చేలకు కాపలా ఉన్న ఆడవాళ్ళు అది చూచి నవ్వుతారు. ఈ ఒక్క పద్యంలో పొలాల నీటిపారుదల ఉన్నది, పోయిన వస్తువు అప్పగించే గ్రామోద్యోగి ఉన్నాడు, ఆ ఉద్యోగిని చూచి నవ్వగల కాపలా స్త్రీ ఉన్నది. మేడమీద నుంచి చూస్తే ఈ దృశ్యం కనిపించదు. గట్టుమీద నిలబడాలి. ఆ నవ్వు ఎంతదూరం పోతుందన్నది వేరే సంగతి. అది తలారి దగ్గరే ఆగింది, రాజు దాకా పోలేదు. ఐనా ఎవరో ఒకరు నవ్వగలిగారు. నా దృష్టిలో తెలుగు పురవర్ణనలన్నిటిలో పౌరజీవితమంటూ ఉన్నది ఈ నాలుగు పాదాల్లోనే.

దీనికి ఎదురుగా పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో వజ్రపురముంది. వజ్రనాభుడనే రాక్షసుడి ఊరు. అతని సెలవు లేనిదే గాలి కూడా లోపలికి పోరాదు. శుచిముఖి అనే హంస పోగలిగింది, నటుల వేషంలో ప్రద్యుమ్నుడు పోగలిగాడు. చుట్టూ గోడ కట్టి, గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టించుకొనే నేటి కాలనీలను చూచినప్పుడల్లా సూరన గుర్తుకొస్తాడు. లోపలికి పోయే పనిమనిషి కూడా అక్కడ ఒక వేషమే వేసుకోవాలి. 1941లో జాషువ గబ్బిలంలో ఊరి బయటి మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపాడు. హంసలు లోపలివారివి. ఆయనకు దొరికింది గబ్బిలం. అది మన సాహిత్యంలో నగరాల మీదుగా ఎగిరిన మొదటి ఫిర్యాదు పత్రం.

ఇక నా సంగతి.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. కొత్త రాజధాని ఎక్కడో చట్టం చెప్పలేదు. స్థలం సంగతి పరిశీలించడానికి వేసిన శివరామకృష్ణన్ సంఘం ఆ వేసవిలో తిరుగుతూనే ఉంది. ఈలోగా వదంతి మా మీద పడింది. నూజివీడు, ఆగిరిపల్లి, గన్నవరం వైపున అడవి భూములూ ప్రభుత్వ భూములూ ఉన్నాయి కాబట్టి రాజధాని ఇక్కడేనని. టీకొట్ల దగ్గర పటాలు వెలిశాయి. ఎవరు గీశారో తెలియదు. సచివాలయం ఫలానా చెరువు పక్కన, శాసనసభ ఫలానా గుట్టమీద. ఏనాడూ మా రోడ్డెక్కని కార్లు బారులు తీరాయి. బంగినపల్లి, చిన్నరసం ధర ఎంతని అడిగేవాడు లేడు. చెట్టు కింద నేల గజం ఎంతని అడిగేవారే.

మా బాబాయికి అయిదెకరాల తోట ఉండేది. నూట డెబ్బై చెట్లు, ఎక్కువ భాగం చిన్నరసాలు. నేనప్పుడు ఎం. ఏ. ముగించి ఖాళీగా ఉన్నాను. ఆయనా, పట్నంనుంచి వచ్చిన ఒక వ్యాపారీ కలిసి తోటను ప్లాట్లు చేద్దామనుకున్నారు. "నువ్వు తెలుగు చదువుకున్నావుగదరా, కాగితం నువ్వు వ్రాసిపెట్టు" అన్నాడు బాబాయి. నేను వ్రాశాను. ఏమి వ్రాశానో ఇప్పుడు చదువుకుంటే ఒళ్ళు చచ్చిపోతుంది. ప్రాకారంతో మొదలుపెట్టాను. ఆకాశాన్నంటే సౌధాలు, విశాలమైన రాజవీథులు, కలువలు పూచే కొలను, ప్రభాతవేళ వేదఘోష వినిపించే కోవెల, పూలతోట. ఏనుగుల స్థానంలో కార్లు, అగడ్త స్థానంలో ప్రహరీ. అష్టాదశ వర్ణనలలో మొదటిదాన్ని తు.చ. తప్పకుండా దించేశాను. మూడువేల రూపాయలిచ్చారు. ఆ డబ్బుతో శబ్దరత్నాకరం కొనుక్కున్నాను. అది ఇప్పటికీ నా బల్లమీదే ఉంది.

ఆ తోటలో ఒక పాక ఉండేది. అందులో కాపలా కుటుంబం. పదహారేళ్ళుగా ఉంటున్నారు. పూత వచ్చిన నాటినుంచి కాయ దిగేవరకు కోతులను డబ్బా వాయించి తోలడం, రాత్రిళ్ళు దొంగల కాపలా, గాలివాన వస్తే రాలిన కాయ ఏరడం, కోతల్లో చిక్కం పట్టడం, మిగిలిన రోజుల్లో పాదులు చేయడం. వాళ్ళకు ఆ నేలమీద కాగితం లేదు. ఆగస్టులో చెట్లు కొట్టారు. రంపాలు మూడురోజులు నడిచాయి. పాక తీసేయమని బాబాయి అయిదువేలిచ్చి పంపేశాడు. మా యింట్లో అది ఉదారంగా ఇచ్చినట్టే చెప్పుకున్నారు.

నన్ను వేధించేది ఇదీ: కాగితం వ్రాసేటప్పుడు నేను ఆ తోటలోనే కూర్చున్నాను. ఆ పాకలోంచే మంచినీళ్ళు తెప్పించుకొని తాగాను. అయినా నా నగరంలో ఆ పాక లేదు. ఎవరూ తీసేయమనలేదు. నా భాషే తీసేసింది. వర్ణన ఎట్లా చేయాలో నాకు నేర్పిన సంప్రదాయంలో దానికి పేరు లేదు. నేను కావాలని అబద్ధం వ్రాయలేదు, నిజమే. కాని నైతికంగా చూస్తే అది నన్ను రక్షించే వాదన కాదు. కావాలని దాచినవాడికి దాచిన వస్తువు కనీసం తెలుసు.

కాబట్టి మా చరిత్ర మిత్రుడికి నా జవాబు ఇది. కావ్యం మునిసిపల్ నివేదిక కాదు. ఒప్పుకున్నాను. అరుణాస్పదపురం వల్ల ఎవరి పాకా కూలలేదు. కాని అదే వర్ణన తాటాకుల మీదినుంచి దిగి రంగురంగుల కాగితం మీదికి వచ్చి నేల అమ్మడం మొదలుపెట్టిన తర్వాత కూడా దానికి కావ్యం పొందే మినహాయింపు ఇవ్వాలా? అలంకారం పథకమైన క్షణంలో అది జవాబు చెప్పుకోవలసిన మాట అవుతుంది.

సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి శాసనసభలో విజయవాడ పరిసరాలలో రాజధాని అని ప్రకటించారు. సారవంతమైన పొలాల మధ్య ఒకే మహానగరం తగదని అంతకు కొద్దిరోజుల ముందే శివరామకృష్ణన్ సంఘం చెప్పింది. చలికాలం వచ్చేసరికి నగరం కృష్ణ అవతలి ఒడ్డున తుళ్ళూరు వైపుకు వెళ్ళిపోయింది. మాకు ప్లాటు రాళ్ళు మిగిలాయి.

అవతలి ఒడ్డున జరిగింది మా దగ్గర జరిగినదానికన్నా చాలా పెద్దది. ముప్పైవేల ఎకరాలకు పైగా రైతులు సమీకరణలో ఇచ్చారు. వారికి తిరిగి ప్లాట్లు, పదేళ్ళపాటు కౌలు అన్నారు. ఆ పొలాల్లో కూలికి పోయిన భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. పట్టా రైతుకు ఇచ్చినంత ప్లాటు ఎసైన్డు భూముల రైతుకు ఇవ్వలేదు. ఆ భూములు ఎక్కువగా ఎవరివో చెప్పనక్కరలేదు. నగరాన్ని నడిపించడానికి 2014 చట్టంతో ఏర్పడింది ముఖ్యమంత్రి అధ్యక్షుడుగా ఉండే ఒక ప్రాధికార సంస్థ. ప్రజలు ఎన్నుకున్న నగరసభ కాదు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. రాష్ట్రంలోని ఊళ్ళనుంచి మట్టీ నీళ్ళూ తెప్పించారు. మా ఊరి మట్టి కూడా వెళ్ళింది.

ఆ సంవత్సరమే జూలైలో 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. మా విద్యార్థులకు మనుచరిత్ర నగరం తెలియదు గాని మాహిష్మతి వీథి వీథీ తెలుసు. కనుక నేను దానితోనే పాఠం మొదలుపెడుతుంటాను. మాహిష్మతిలో భల్లాలదేవుడి బ్రహ్మాండమైన విగ్రహాన్ని బానిసలు తాళ్ళతో లాగి నిలబెడతారు, వీపుమీద కొరడాలు. దుర్మార్గపు రాజు కాబట్టి కొరడా, మంచిరాజు వస్తే ఉండదని కథ మనల్ని ఒప్పిస్తుంది. తాళ్ళు మాత్రం ఎవరి చేతుల్లో ఉండాలన్న ప్రశ్న రెండు భాగాలలోనూ రాదు. తరతరాలుగా సింహాసనానికి కట్టుబడిన కట్టప్ప దాస్యం మనకు విశ్వాసంగా కనిపిస్తుంది, కన్నీళ్ళు తెప్పిస్తుంది. రెండో భాగంలో నిండుసభలో ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. గుడి దగ్గర ఆడవాళ్ళమీద చేతులువేసిన సేనాధిపతి మీద. ఫిర్యాదు అక్కడిదాకా వచ్చింది, తగిలింది రాజకుమార్తెకు కనుక. తీర్పు ఒక కత్తి వేటు. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్ళ మాట సభలో ఎవరూ అడగలేదు. 2017లో అమరావతి శాసనసభ భవనం రూపురేఖల విషయంలో ప్రభుత్వం ఈ చిత్ర దర్శకుడు రాజమౌళి సలహా కోరింది. తాను రూపశిల్పిని కానని ఆయన స్పష్టంగానే చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. ఒక ప్రభుత్వం నగరం కట్టబోతూ, నగరవర్ణన బాగా చేసినవాణ్ణి వెతుక్కుంటూ పోవడమే నాకు వింతగా తోచింది. మా బాబాయి నా దగ్గరికి వచ్చినట్టే.

అమరావతి అంటే ఇంద్రుడి ఊరు. అమరులుండే చోట చావు లేదు, కనుక శ్మశానమూ అక్కరలేదు, కాటికాపరీ అక్కరలేదు. కాని కృష్ణ ఒడ్డున నిజంగా ఉన్న అమరావతి, ధాన్యకటకం పక్కన మహాచైత్యం లేచిన ఊరు, అటువంటిది కాదు. ఆ చైత్యానికి పలకలు దానం చేసినవారి పేర్లు రాతిమీద ఉన్నాయి. పూర్ణకుంభం చెక్కిన పలక ఒకదాన్ని తన బంధువులతో కలిసి ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. చెప్పులు కుట్టేవాడి పేరు, అతని వృత్తితో సహా, దాదాపు రెండువేల ఏళ్ళుగా చెరగకుండా ఉంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ఖరారుచేసిన రాజముద్రలో నడుమ ఉన్నది అమరావతి శిల్పంలోని పూర్ణఘటమే. ప్రభుత్వ ఉత్తరువు ప్రతిదానిమీదా ఆ కుండ ఉంటుంది. ఎసైన్డు రైతుకు తక్కువ ప్లాటు ఇచ్చే ఉత్తరువు మీద అది పడితే విధికుడు ఏమనుకునేవాడో!

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. భూములిచ్చిన రైతులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఏళ్ళతరబడి శిబిరాల్లో కూర్చున్నారు. 2022 మార్చిలో హైకోర్టు వారివైపు తీర్పు చెప్పింది. ఇది నిజమైన ఫిర్యాదు. నా నిర్వచనం ప్రకారం ఆ నగరంలో మొదటి పౌరులు వారే. కాని కథ అక్కడ ఆగలేదు. 2023లో అప్పటి ప్రభుత్వం రాజధాని ప్రాంతంలో దాదాపు యాభైవేలమంది పేదలకు ఇళ్ళస్థలాల పట్టాలిచ్చింది. రాజధానిని వద్దన్న ప్రభుత్వమే అక్కడ పేదల్ని దించడంలో ఉన్న రాజకీయం పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. ఆగస్టులో హైకోర్టు ఆ ఇళ్ళ నిర్మాణాన్ని ఆపింది. ఈ తగవు నడిచిన యేళ్ళలో, బయటి పేదలు వస్తే జనాభా సమతుల్యం దెబ్బతింటుందన్న మాటొకటి వినిపించింది. అది ఎవరన్నారు, ఎవరనలేదు అన్నదానిమీద పెద్ద రగడ జరిగింది. అన్నవారు ఎవరైనా కానివ్వండి. ఆ మాట అర్థమయ్యేటట్టు ఉండడమే నన్ను భయపెట్టింది. వర్ణనలో పేదవాడు లేడు. కనుక నేలమీద అతను కనిపిస్తే లెక్క తప్పినట్టుంది. ఒక ప్రభుత్వం అతన్ని చిత్రంలో వేయలేదు, ఇంకొక ప్రభుత్వం చిత్రాన్ని చెరపడానికి అతన్ని వాడుకుంది. నీకేం కావాలయ్యా అని అడిగినవారు నాకు కనబడలేదు. 2025 మే 2న పనులు మళ్ళీ ప్రారంభించారు. రేపు ఆ వీథులు ఊడ్చేవారు ఏ ఊరినుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలో ఆ చిత్రాలలో ఎక్కడా నేను చూడలేదు.

2023 డిసెంబరు చివరి వారంలో రాష్ట్రమంతటా పట్టణాల పారిశుధ్య కార్మికులు సమ్మెచేశారు. రెండువారాలకు పైగా నడిచింది. మా వీథి మలుపులో చెత్త నడుమెత్తు పెరిగింది. పండుగ ముందు రోజులు. ముక్కు మూసుకుని నడిచే పెద్దమనుషులు కార్మికులను తిట్టారు గాని, రోజూ ఆ కుప్ప లేకుండా ఎట్లా ఉంటున్నదని అనుకున్నవారు తక్కువ. అధ్యాపకుల తరఫున సంఘీభావం చెప్పడానికి నేను వాళ్ళ శిబిరానికి వెళ్ళాను. పది నిమిషాలు మాట్లాడాను. శ్రీశ్రీని, జాషువను తలచుకున్నాను. చప్పట్లు కొట్టారు.

దిగివస్తుంటే ఒకామె ఎదురొచ్చింది. మా బాబాయి తోటలో కాపలా ఉన్న ఆమె. పాక పోయాక ఊరి చివర గది అద్దెకు తీసుకుని, కొన్నేళ్ళకు ఈ పనిలో చేరిందట. భర్త పోయాడు. నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దది. చిన్నప్పటినుంచీ నేనామెను పేరుపెట్టి పిలిచాను, ఆమె నన్ను మీరు అన్నది. ఆ రోజు ఏమని పిలవాలో తోచక ఊరికే నిలబడ్డాను.

"బాగా చెప్పారు అబ్బాయిగారూ," అన్నది. "ఆ ప్లాట్ల కాగితం గూడా మీరే రాశారంటగా?"

అవునన్నాను.

"మా పాకున్న చోట ఏమొచ్చుద్దని రాశారండీ?"

పటం నాకు గుర్తుంది. పాక ఉన్నచోట కొలను. కలువలు పూచే కొలను. "చెరువులాంటిది" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి, "ఆడ నీళ్ళు నిలవవండీ. ఎర్రమట్టి. పాదుల్లో పోసిందే పొద్దెక్కేసరికి ఇంకిపోయేది," అన్నది. తర్వాత ఆ కాగితం ఒకటి మా యింట్లో ఉంటే తెచ్చిపెట్టమని అడిగింది. తనకు చదువు రాదు, కొడుకు చేత చదివించుకొని వింటానన్నది. సరేనన్నాను. బీరువాలో మూడు కాగితాలున్నాయి. ఇంకా తీసికొనిపోయి ఇవ్వలేదు.